జీపెక్కిన యూనిఫాం

తాడేపల్లిగూడెంలో నేను పొద్దున్నే నడకకి వెళ్ళే కాలేజీ గ్రౌండులో, ఆర్మీ సెలక్షన్ల కోసం పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్ళు ఓ పదిమంది ఉంటారు. నేను మిలటరీలో చేసి రిటైరయ్యానని వాళ్ళకి ఎలా తెలిసిందో గానీ, పరుగు ఆగిన ప్రతిసారీ నా చుట్టూ చేరి అదే ప్రశ్న: "సార్, మీరు ఎప్పుడైనా కాల్చారాండీ?"

కాల్చాను. ఏడాదికోసారి, అట్టబొమ్మని. ఒక ఏడాది నా గుళ్ళు పక్కవాడి బొమ్మకి తగిలి, వాడికి మెచ్చుకోలు వచ్చింది. మిగతా రోజులన్నీ నేను పట్టుకున్న ఆయుధం మొదట్లో టైపు మిషను, తర్వాత కంప్యూటరు. నేను క్లర్కుని. ఈ మాట చెప్పగానే కుర్రాళ్ళ ముఖాలు వాడిపోతాయి. మర్యాదస్తులు కాబట్టి "అదీ గొప్పేనండీ" అని మళ్ళీ పరుగు అందుకుంటారు.

అందుకే ఈ సంగతి రాస్తున్నాను. కుర్రాళ్ళూ, మీలో ఎవరికైనా ఉద్యోగం వస్తే పనికొస్తుంది. నా సర్వీసులో నేను నిజంగా భయపడిన రోజు ఒకటుంది. ఆ రోజు నా ఎదురుగా ఉన్నది ఒక కాగితం. దాని కింద నా సంతకం.

ముందు రూలు చెప్పాలి, అది తెలియకపోతే కథ తెలియదు. సైనికుడికి ఓటు ఉంది, వేసుకోవచ్చు. కానీ పార్టీ మీటింగులకి వెళ్ళకూడదు, ప్రచారం చెయ్యకూడదు, ఫలానావాడికి ఓటెయ్యండని చెప్పకూడదు. యూనిఫాం వేసుకుని అయితే అసలే కూడదు. ఆ బట్టలతో ఒకడు పార్టీ బండి ఎక్కితే, చూసేవాళ్ళకి మొత్తం సైన్యమే ఎక్కి కూర్చున్నట్టు ఉంటుంది. అంతే రూలు. చెప్పడానికి అర నిమిషం పట్టింది చూశారా? ఈ అర నిమిషం ఖర్చు పెట్టడానికి బద్ధకించినందుకే ఇదంతా జరిగింది.

అప్పుడు నేను ఉత్తరాదిన ఒక యూనిట్‌లో నాయిబ్ సుబేదార్‌ని, హెడ్ క్లర్కుని. మా నాన్న మిషన్ బడిలో టీచరు. ఆయన బెత్తం పుణ్యమా అని నా చేతిరాత ముత్యాల్లా ఉండేది, ఇంగ్లీషు ఫరవాలేదు. ఎన్నికలు దగ్గర పడ్డాయి. పైనుంచి రెండు పేజీల ఇంగ్లీషు ఉత్తర్వు వచ్చింది. సెలవు మీద వెళ్ళే ప్రతి జవానుకీ దాన్ని చదివి వినిపించాలి, అతని భాషలో అర్థం చెప్పాలి, సంతకం తీసుకోవాలి. ఆ సంతకం కింద "చదివి, వివరించడమైనది" అని హెడ్ క్లర్కు సంతకం చెయ్యాలి.

నేను పని వేగంగా చేస్తానని పేరున్నవాణ్ణి. ఆ కాగితాలన్నిటి మీదా ముందే నా సంతకాలు పెట్టేసి, కట్ట కట్టి బల్ల మీద పెట్టుకున్నాను. జవాను వచ్చేవాడు. నేను వేలు పెట్టి "ఇక్కడ" అనేవాణ్ణి. పంజాబీకైనా, బెంగాలీకైనా, మన తెలుగువాడికైనా నా వివరణ ఆ ఒక్క మాటే.

అలా వచ్చినవాళ్ళలో మా మెస్సులో వంట చేసే నాయక్ ఒకడు. నాయక్ అంటే పేరు కాదు, చేతి మీద రెండు చారల హోదా. కొల్లేటి లంక గ్రామం మనిషి. ఆరడుగుల ఎత్తు, కోరమీసం, చూస్తే సినిమా పోస్టరు మీంచి దిగినట్టుండేవాడు. చేసేది పప్పు, రొట్టెలు. ఆ రోజు ఏప్రాను మీదే పరిగెత్తుకొచ్చాడు.

"పప్పు పొయ్యి మీదుందండి, మాడిపోద్ది. ఏంటండీ ఇది?"

"మామూలేనయ్యా. ఇక్కడ."

సంతకం పెట్టాడు. పెడుతుంటే చేతి మీంచి పప్పు చుక్క ఒకటి కాగితం మీద పడింది. తుడవబోతే "పోనీలే, పో" అన్నాను. మర్నాడు సెలవు మీద బండెక్కాడు.

పది రోజుల తర్వాత మా కమాండింగ్ ఆఫీసరు పిలిచారు. ఈయన కొండప్రాంతం మనిషి, కల్నల్. మాటలు తక్కువ. కళ్ళద్దాలు ఎప్పుడూ నుదుటి మీదే ఉండేవి, చదవాల్సి వస్తే కిందికి దించేవారు. అద్దాలు కిందికి దిగాయంటే ఎవరికో మూడిందని మాకు గుర్తు. ఆ రోజు నేను లోపలికి వెళ్ళేసరికి దిగి ఉన్నాయి. ఆయన మాట్లాడేది హిందీ. మీకోసం తెలుగులో రాస్తున్నాను. నా హోదా వాళ్ళని ఆఫీసర్లు కూడా 'సాబ్' అనే పిలుస్తారు.

"సాబ్, మీ భాష. ఇదేంటో చెప్పండి," అని ఫోను నా ముందుకి తోశారు.

పైకప్పు లేని జీపు. చుట్టూ జెండాలు, డప్పులు. చేతులు జోడించిన అభ్యర్థి. ఆయన పక్కన, ఆయన కంటే తలా భుజమూ ఎత్తుగా, మెడలో బంతిపూల దండతో, మా యూనిట్ యూనిఫాంలో, మా వంట నాయక్. ఎవరో మైకులో గొంతు చించుకుంటున్నాడు: "సరిహద్దులో శత్రువుల గుండెల్లో నిద్రపోయిన మన కొల్లేటి పులి!"

తర్జుమా చేశాను.

"ఇతను వంటవాడు కదా?" అన్నారు కల్నల్.

"అవును సాబ్."

"ఎవరి గుండెల్లో నిద్రపోయాడు?"

స్టోరు రూములో గోధుమపిండి బస్తాల మీద నిద్రపోతుంటే నేను రెండుసార్లు చూశాను గానీ, అది చెప్పే సమయం కాదని ఊరుకున్నాను. వీడియోలో మైకువాడు అడుగుతున్నాడు: "మన అన్నగారిని గెలిపించుకుందామా తమ్ముడూ?" మైకు నాయక్ మూతి దగ్గరికి వచ్చింది. నాయక్ తల వంచి, చాలా వినయంగా అన్నాడు: "ఆయ్, అలాగేనండీ."

వీడియో అక్కడితో అయిపోయింది.

"ఏమన్నాడు? సరే అన్నాడా?"

ఇక్కడ నాకు మన గోదావరి జిల్లాల పరువు కాపాడాల్సిన బాధ్యత పడింది. "అది ఒప్పుకోవడం కాదు సాబ్, మర్యాద. మా వైపు బస్సులో కండక్టరు ముందుకి జరగమంటే అలాగేనండీ అంటాం, ఉన్నచోటే నిలబడతాం. డాక్టరు ఉప్పు తగ్గించమంటే అలాగేనండీ అంటాం, ఇంటికెళ్ళి ఆవకాయ కలుపుకుంటాం. మీ మాట నా చెవిన పడింది అని మాత్రమే దానికి అర్థం."

కల్నల్ నా వైపు తిరిగారు. "అయితే మీరు రోజూ నాకు 'జీ సాబ్' అంటారే, అదీ ఇలాంటిదేనా?"

నేను గోడ మీది గడియారం వైపు చూశాను.

ఆయన నవ్వలేదు. అవతలి పార్టీవాళ్ళు పైదాకా ఫిర్యాదు పంపారు, జవాబు చెప్పాలి. బల్ల మీద ఆ పప్పు చుక్క కాగితం ఉంది. దాని మీద వేలు పెట్టి, "ఇదిగో అతని సంతకం. ఇదిగో మీ సంతకం. అంటే ఇతనికి రూలు తెలుసు. తెలిసి ఎక్కాడు," అన్నారు. తెలిసి చేసినవాడికి పడే శిక్ష వేరు. నాయక్ చారలు ఊడొచ్చు, ఉద్యోగమే ఊడొచ్చు.

నోరు విప్పాలంటే అప్పుడే విప్పాల్సింది. నేను అన్నది: "జీ సాబ్."

"శుక్రవారం నుంచి మీ సెలవు కదా. ఆ ఊరు మీ ఊరికి దగ్గరేనట. అతను ఆ బండి ఎందుకెక్కాడో, ఇంకేం మాట్లాడాడో కనుక్కుని రాసి తీసుకురండి."

నా సెలవులో, నా ఖర్చుతో, నా అబద్ధం మీద నేనే విచారణ. ప్రభుత్వానికి ఇంత పొదుపైన ఏర్పాటు ఇంకోటి దొరకదు.

ఇంటికి వచ్చిన రెండో రోజే మా ఆవిడ గొణుగుతుంటే పాసింజరెక్కి ఏలూరు వెళ్ళాను. అక్కడినుంచి బస్సు, బస్సు దిగి ఆటో, ఆటో వెళ్ళలేనిచోట చేపల మేత బస్తాలు తీసుకెళ్ళే మోటారు సైకిలు. ఎండాకాలం. కొల్లేరు చాలాచోట్ల బీటలు వారి ఉంది. నీళ్ళున్నచోట గూడకొంగలు ఎవరికీ ఓటు వెయ్యాల్సిన పని లేనట్టు తీరిగ్గా తిరుగుతున్నాయి. చెరువు గట్టు మీద ఎదురుగా చేపల లారీ వస్తే మేం పక్కకి దిగి, దాని మీంచి కారే ఐసు నీళ్ళలో తడిసి మళ్ళీ ఎక్కాం.

నాయక్ ఇంటి ముందు టార్పాలిన్ నీడలో లుంగీ, బనీనుతో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. నన్ను చూసి ఒక్క ఉదుటున లేచి సెల్యూట్ కొట్టాడు. కొట్టడంలో లుంగీ జారబోతే రెండో చేత్తో పట్టుకున్నాడు. సంగతి అతనికి అప్పటికే తెలుసు. వీడియో ఊరంతా చూసింది. పక్కన మంచం మీద అతని మేనమామ ఉన్నాడు. చేపల లారీలకి ఐసు తోలే వ్యాపారం, మెడలో పార్టీ కండువా. నా గురించి తెలియగానే ఆ పెద్దమనిషి ముఖం వెలిగిపోయింది.

"రండి సార్, రండి! మీరూ మిలట్రీయే అన్నమాట. ఎల్లుండి ముదినేపల్లిలో మన మీటింగుందండి. యూనిఫాం తెచ్చుకున్నారాండీ?"

"మావయ్యా, నువ్వు కాసేపు మాట్లాడకు," అన్నాడు నాయక్.

జరిగింది అతని నోటే విన్నాను. టిక్కెట్టు కన్ఫర్మ్ కాలేదు. యూనిఫాంలో ఉంటే జనరల్ పెట్టెలో ఎవరైనా జరిగి చోటిస్తారు. సెలవు ప్రయాణంలో మామూలు బట్టలే వేసుకోవాలని మాకు చెబుతారు గానీ, ఆ చిట్కా నేనూ వాడినవాణ్ణే, కాదనలేకపోయాను. ఏలూరులో దిగితే ఒక్క ఆటో లేదు. అన్నీ ఏదో ఒక పార్టీ ర్యాలీకి కుదిరిపోయాయి. మావయ్యకి ఫోన్ చేశాడు. "మన బండే అటు వత్తంది, ఎక్కేయ్" అన్నాడాయన. ఎక్కాక గదా తెలిసింది అది మైకు బండి అని.

"దిగిపోవాల్సిందయ్యా."

"ఎక్కడ దిగుతానండీ? మా ఊరికి వేరే బండి లేదండి. చేతిలో ట్రంకు పెట్టె ఒకటి. దార్లో అభ్యర్థిగారి జీపు కలిసిందండి. ఆ బండిలో ఉక్కగా ఉంటది, ఇందులోకి రా, గాలి తగులుద్ది అన్నారండి. గాలి కోసం ఎక్కానండి. దండేశారండి. ఊరూరా ఆపుకుంటా వచ్చారండి. మా ఊరొచ్చేసరికి నాకు మూడు దండలు, రెండు హారతులు అయ్యాయండి."

"ఇంకేమైనా మాట్లాడావా?"

అతను చెప్పేలోపే మేనమామ ఫోను తీశాడు. తన ఘనకార్యం పూర్తి వీడియో ఆయన దగ్గర భద్రంగా ఉంది. మైకులో అరిచింది ఆయనే. బయట తిరుగుతున్న ముక్క 'అలాగేనండీ' దగ్గర ఆగిపోయింది గానీ, అసలు వీడియో ఆ తర్వాత కూడా ఉంది. ఒక ముసలమ్మ జీపు దగ్గరికి వచ్చి నాయక్ చెయ్యి పట్టుకుని, "ఎంతమందిని సంపావయ్యా నాయనా?" అని అడిగింది. నాయక్ మైకు అందుకుని, అందరికీ వినపడేలా, "నేను వంటవాణ్ణండి మామ్మగారూ. పప్పూ, రొట్టెలూ చేత్తానండి," అన్నాడు. జనం గొల్లుమన్నారు. మేనమామ మైకు లాక్కుని అరిచాడు: "వంట చేత్తా చేత్తానే కాల్చాడు!"

నాకు నవ్వాగలేదు. నాయక్ మాత్రం నవ్వలేదు. వల ముడులు చూసుకుంటూ, "ఉద్యోగం పోద్దాండీ?" అన్నాడు.

అప్పుడే అతని తల్లి లోపలినుంచి వచ్చింది. బక్కపలచని మనిషి, చేతులకి చేప పొలుసులు అంటుకుని ఉన్నాయి. మగ్గుతో నీళ్ళు పోసుకుని, తుడుచుకుని, నాకు ఎదురుగా గడప మీద కూర్చుంది.

"ఏదో కాయితం ఉందంటగా బాబూ. సంతకం పెట్టాడంటగా. ఆ కాయితంలో ఏముందో ఒక్కసారి చదివి చెప్పండి. నాకు చదువు రాదు."

నా ఫోన్లో ఆ ఉత్తర్వు ఫోటో ఉంది. చదివాను. రెండు పేజీల ఇంగ్లీషుని తెలుగు చేసి, ఆ గడప ముందు, తల్లికీ కొడుక్కీ మేనమామకీ వినిపించాను. యూనిట్‌లో ఒక్కరికైనా నేను చదివి వినిపించిందీ, వివరించిందీ అదే మొదటిసారి. పప్పు ఉడికేంత సేపు కూడా పట్టలేదు.

ఆవిడ శ్రద్ధగా విని, "ఇంతేనా బాబూ?" అంది. "ఈ నాలుగు ముక్కలు ముందే తెలిత్తే ఆడు రైల్లోనే చొక్కా మార్చుకునేవోడు కదా."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నాయక్ గబగబా అందుకున్నాడు. "సార్ తప్పేం లేదే అమ్మా. నేనే పప్పు మాడిపోద్దని తొందర పెట్టాను. చదువుకోకుండా సంతకం పెట్టింది నేను కదా." ఆ మాట అతను దెప్పడానికి అని ఉంటే నేను కాస్త తట్టుకునేవాణ్ణి. నిజంగానే అన్నాడు.

మేనమామ మెడలో కండువా తీసి మడత పెట్టి పక్కన పెట్టాడు. అప్పటిదాకా మైకు లేకపోయినా మైకులా మోగిన గొంతు తగ్గిపోయింది. "మా పిల్లోణ్ణి నలుగురూ చూడాలనే కదండీ ఎక్కించాను. ఆడి బాబు పోయాక నేనే కదండీ పెంచాను. వంట చేత్తాడని చెబితే జనం చిన్నచూపు చూత్తారని పులి అన్నానండి." "నేనొచ్చి మీ పెద్దాఫీసరు కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటానండి," అన్నాడు.

అన్నం పెట్టారు. కొర్రమీను పులుసు. తిని, వీడియో నా ఫోన్లోకి పంపించుకుని వచ్చేశాను.

తిరిగి యూనిట్‌కి వెళ్ళి మూడు పేజీల రిపోర్టు రాశాను. నా జీవితంలో అంత మంచి ఇంగ్లీషు మళ్ళీ రాయలేదు. రైలు పెట్టె, దొరకని ఆటో, జీపు మీద గాలి, ముసలమ్మ ప్రశ్న, మన గోదావరి మర్యాద మీద ఒక పూర్తి పేరా, అన్నీ ఉన్నాయి. కాగితం చదివి వినిపించలేదన్న మాట మాత్రం లేదు. సుబేదారు ప్రమోషను జాబితా పైకి వెళ్ళి ఉంది. అందులో నా పేరుంది. రాయకపోయినా ఫరవాలేదు, వీడియో అతన్ని కాపాడుతుందిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇలా సర్దిచెప్పుకోవడంలో క్లర్కుల్ని మించినవాళ్ళు లేరు.

విచారణ రోజు వచ్చింది. మా దగ్గర తప్పు చేసినవాణ్ణి టోపీ, బెల్టు తీయించి, కవాతు చేయిస్తూ ఆఫీసరు ముందు నిలబెడతారు. బెల్టు లేని యూనిఫాంలో ఆరడుగుల మనిషి కూడా కుంచించుకుపోయినట్టు కనపడతాడు. నేను ఫైలుతో కల్నల్ కుర్చీ పక్కన నిలబడ్డాను. ఆయన రిపోర్టు చదివారు, నేను తర్జుమా చేస్తుంటే పూర్తి వీడియో చూశారు. "వంట చేస్తూ చేస్తూనే" దగ్గర ఆయన మీసం ఒకసారి కదిలింది. తర్వాత అద్దాలు సరిచేసుకుని కాగితం తీశారు.

"సెలవు మీద వెళ్ళేముందు హెడ్ క్లర్కు సాబ్ ఈ ఉత్తర్వు నీకు చదివి చెప్పారా?"

నాయక్ నా వైపు చూడలేదు. ఎదురుగా గోడ వైపు చూస్తూ అన్నాడు: "చెప్పారు సాబ్. తెలుగులో చెప్పారు."

నాకు ఆ క్షణంలో కలిగిన మొదటి భావం ఏమిటో దాచకుండా చెప్పాలి. హమ్మయ్య అనిపించింది. గండం గడిచిందన్న ఆ హమ్మయ్యని ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను. తర్వాత అర్థమైంది, ఇతను టోపీ లేకుండా నిలబడి, తన ఉద్యోగం పణంగా పెట్టి, నా అబద్ధానికి సాక్ష్యం చెబుతున్నాడని. నేను అడగను కూడా అడగలేదు.

కల్నల్ పెన్ను మూత తీశారు.

"సాబ్, ఒక్క మాట," అన్నాను. "చదవలేదు."

"ఎవరు?"

"నేను. ఈ ఉత్తర్వు ఇతనికి నేను చదివి చెప్పలేదు."

"ఇతను చెప్పారంటున్నాడు కదా?"

"మర్యాదకి అంటున్నాడు సాబ్. మా వైపు..."

ఆయన చెయ్యెత్తి ఆపారు. "మీ వైపు మర్యాద గురించి ఇప్పటికే ఒక పేరా చదివాను. మరి ఈ సంతకం?"

"నాదే. ముందే పెట్టేశాను."

"ఇతనొక్కడి దగ్గరేనా?"

అసలు భయపడింది ఈ ప్రశ్నకి. అవునంటే అక్కడితో తేలికగా పోయేది. "లేదు సాబ్. అందరి దగ్గరా. ఎన్నికల కాగితం ఒక్కటే కూడా కాదు. ఏ కాగితమైనా."

బయట ఎవరో కవాతు చేయిస్తున్నారు. ఆ ఈల శబ్దం గదిలో నిండుగా వినపడింది. నాయక్ గోడని వదిలేసి నా వైపు చూశాడు, పొయ్యి మీద గిన్నె తిరగబడ్డవాడిలా. కల్నల్ పెన్ను మూత మళ్ళీ పెట్టారు.

చివరికి ఏమైందంటే, నాయక్‌కి తీవ్రమైన మందలింపు పడింది. తెలియకపోయినా యూనిఫాంలో ప్రచారం జీపెక్కడం తప్పే, అది ఎవరూ కాదనలేరు. కానీ తెలిసి చేశాడన్న మాట తీసేశారు. చారలు మిగిలాయి, ఉద్యోగం మిగిలింది. నా ఫైల్లోకి కల్నల్ అసంతృప్తిని తెలిపే ఉత్తరం ఒకటి ఎక్కింది. దాన్ని టైపు చెయ్యాల్సింది కూడా నేనే. అందులో ఆయన రాసిన ఒక స్పెల్లింగు తప్పుని దిద్దాను, అలవాటు ఎక్కడికి పోతుంది! ప్రమోషను ఏడాది పైన ఆగింది. ఫోన్లో చెబితే మా ఆవిడ, "మంచి పని చేశారు. కానీ ముందే చదివి చస్తే పోయేది కదండీ," అంది.

విచారణ అయిన మధ్యాహ్నం మెస్సుకి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. నాయక్ తనే పళ్ళెం తీసుకుని ఆఫీసుకి వచ్చాడు. బల్ల మీద పెట్టి, "మీరెందుకు ఇరుక్కున్నారండీ? నాకెలాగూ అక్షింతలు పడేవే కదా," అన్నాడు. పప్పు కలుపుకుని, "ఉప్పెక్కువైంది," అన్నాను. "తొందర్లో రెండుసార్లు పడుంటదండి," అని ఆ పళ్ళెం తీసుకెళ్ళి వేరే గిన్నెలోంచి పప్పు వేసుకొచ్చాడు.

కల్నల్ నాకు వేసిన అసలు శిక్ష ఇంకోటి. మర్నాడు పొద్దున్న యూనిట్ అంతటినీ గ్రౌండులో కూర్చోబెట్టించారు. ఉత్తర్వు మొత్తం నేను చదవాలి, వాక్యం వాక్యానికీ హిందీలో అర్థం చెప్పాలి, అర్థం కానివాళ్ళకి ఎవరి భాష వచ్చినవాళ్ళు వాళ్ళకి చెప్పాలి. కల్నల్ వెనక వరసలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చదివాను. చివర్లో, మొక్కుబడికి, "ఎవరికైనా ఏమైనా అనుమానాలున్నాయా?" అన్నాను. అన్నేళ్ళ సర్వీసులో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అందరికీ అర్థమవుతోందనే అనుకునేవాణ్ణి.

ఒక చెయ్యి లేచింది. "సాబ్, మా ఆవిడ సర్పంచికి నిలబడింది. సెలవులో ఇంటికెళ్తే ఆవిడకి ఓటెయ్యమని మా అమ్మకి చెప్పొచ్చా?"

జనం నవ్వారు. "మీ ఇంట్లో ఆ ధైర్యం ఉంటే చెప్పు," అని నేనూ అన్నాను గానీ, ఆ నవ్వు ఆగకముందే ఇంకో మూడు చేతులు లేచాయి. ఒకడి తమ్ముడు ఇతని యూనిఫాం ఫోటోని అభ్యర్థి పక్కన వేయించి ఊళ్ళో ఫ్లెక్సీ కట్టించాడు. ఇంకొకడు ఎండకి పనికొస్తుందని పార్టీవాళ్ళు ఉచితంగా ఇచ్చిన టోపీ తెచ్చుకున్నాడు. ఒకడు సెలవులో మీటింగుకి వెళ్ళాడు, కానీ అక్కడ బిర్యానీ పెడుతున్నారని వెళ్ళాడు, ఉపన్యాసం వినలేదు, అది కూడా లెక్కలోకి వస్తుందా అన్నాడు. వీళ్ళందరి సంతకాలూ నా బీరువాలో ఉన్నాయి. గంటన్నరసేపు ఎండలో నిలబడి జవాబులు చెప్పాను. తెలియనివి తెలియవన్నాను. కాళ్ళు పీకాయి. ఫ్లెక్సీవాడు అక్కడినుంచే తమ్ముడికి ఫోన్ చేసి తిడుతుంటే సగం మంది వాడి చుట్టూ చేరి ఏ మాట వాడాలో అందించారు.

అందరూ లేచి వెళ్ళిపోయారు. నేను కాగితాలు సర్దుకుంటుంటే కల్నల్ కుర్చీలోంచి లేచి నెమ్మదిగా వచ్చారు. అటూ ఇటూ చూశారు. అద్దాలు నుదుటి మీదే ఉన్నాయి.

"సాబ్," అన్నారు గొంతు తగ్గించి, "మా ఫ్యామిలీ గ్రూపులో మా బావగారు ఒక పార్టీ వీడియో పెట్టారు. బంధువు కదా అని దానికి నేను బొటనవేలు గుర్తు పెట్టాను. అది ఇందులోకి వస్తుందా?"

ఉత్తర్వు తెరిచి మొదటినుంచి చివరిదాకా మళ్ళీ చదివాను. బొటనవేలి ఊసు ఎక్కడా లేదు.

"ఇందులో రాయలేదు సాబ్. కానీ తీసెయ్యడమే మంచిది," అన్నాను.

ఆయన అద్దాలు కిందికి దించుకుని, జేబులోంచి ఫోను తీశారు. కాసేపు వెతికి, "ఇది తీయడం ఎలా?" అని నన్నే అడిగారు. నాకూ తెలియదు. అంత పెద్ద గ్రౌండు మధ్యలో, ఎండలో, తలలు రెండూ ఆ ఫోను మీదకి వంచి, ఆ చిన్న బొటనవేలి బొమ్మని ఆయనోసారీ నేనోసారీ నొక్కుతూ చాలాసేపు నిలబడ్డాం.